వంక ఉన్న కడ్డీ

పగలంతా నేను ఎత్తేది గురిగింజ ఎత్తు.
పట్టకారు కొసన రవ్వంత టంకం,
ఊపిరి కాస్త గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత.
కొండితోపులో మా కొట్టు వెడల్పు నాలుగడుగులు.
ముప్పై ఏళ్ళు అందులో కూర్చుని కూర్చుని
నా చేతులు నాకు తెలియకుండానే
ఊదుగొట్టాలైపోయాయి.

డాక్టరు మణికట్టు తిప్పి చూసి
బరువు పని చేస్తారా అన్నాడు.
నవ్వొచ్చింది.
రోజుకి రెండు తులాలండీ, అన్నాను.

మింటు వీధి వెనక, అప్పడాల గోదాము మీద,
రేకుల కప్పు కింద డిల్లిబాబు జిమ్ము.
రాత్రి ఎనిమిదిన్నరకి కూడా రేకు వేడి దిగదు.
కుర్రాళ్ళంతా అద్దం వైపు,
నేను అద్దానికి వీపు పెట్టి.

మొదటి వారం తిన్నని కడ్డీ ఇచ్చాడు.
మూడోసారి లేపేసరికి మణికట్టు లోపల
సన్న తీగె తెగినట్టయింది.
నేనేమీ అనలేదు. ముఖం అనేసింది.
మూలనుంచి ఇంకోటి లాక్కొచ్చాడు:
కాస్త లోపలికి, కాస్త బయటికి, మళ్ళీ లోపలికి,
నీళ్ళలో ఈదుతూ ఈదుతూ ఆగిపోయిన పాములా.
"ఇది పట్టు ఆచారీ.
చెయ్యి ఎట్టా పోతానంటే అట్టా పోనిస్తాది."

పట్టుకోకముందు తడిమాను. వృత్తి కదా.
కాకలో వంచింది కాదు, మరలో నొక్కేశారు,
వంపు లోపల ముడత వేలికి తెలుస్తోంది.
నా చేతికిచ్చుంటే ఇలా వదిలేవాణ్ణి కాదు.
అయినా ఎరిగిన ఆకారమే.
తాత సుత్తి కింద, నాన్న సుత్తి కింద, నా కింద
ఎన్ని వందల సార్లు వంగిందో ఈ గీత.
వంకీ!
దండచేతికి తొడిగే నగ పట్టుకుని
దండ పెంచుకోబోవడం మా ఇంట్లో ఇదే మొదలు.

మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఒకటి.
మణికట్టు ఏమీ అనలేదు.
రెండు.
తిన్నగా ఉండమని చిన్నప్పట్నించీ అందరూ చెప్పారు,
వంకలో ఇంత దయ ఉంటుందని ఒక్కరూ చెప్పలేదు.
ఏడు దాకా మర్యాదగానే నడిచింది.
ఎనిమిదోదానికి నడుము దొంగసాయానికొస్తే
డిల్లిబాబు నా వీపు మీద రెండు వేళ్ళు ఆనించాడు,
తక్కెడ ముల్లు ఊగకుండా నేను ఆపినట్టే.
"పనంతా దించేప్పుడే ఉంది. పారెయ్యబాక."

మూడు నెలలకి, కొట్టు తలుపు వేశాక
దారంతో దండ కొలుచుకున్నాను.
పదకొండున్నర.
అందులో అరంగుళం కొత్తది.
ఇన్నాళ్ళూ చేసిందంతా పరాయి ఒళ్ళ మీద తిరుగుతోంది,
ఇది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.
చొక్కా చెయ్యి దింపబుద్ధి కాలేదు.

తెల్లారి కాశిమేడు నుంచి పోలమ్మ వచ్చింది.
కొంగుముడి విప్పి వెండి వంకీ బల్ల మీద పెట్టింది.
"ఎక్కట్లా. సాగదీయి. జాతరకి పెట్టుకోవాల."
దారం చుట్టాను.
పద్నాలుగు.
మళ్ళీ చుట్టాను. దారం అబద్ధమాడదు.
ఏం ఎత్తుతావమ్మా నువ్వు, అనడిగాను.
"ఏం ఎత్తుతాను, గంపలు" అంది
విసుగ్గా, దారం ఇంకా చేతికుండగానే.
ఎన్నని లెక్కపెట్టదు. అద్దం ఎరగదు.
అడుగున చేప నలిగితే ధర పోతుందని
నిదానంగా దించుతుంది, అంతే.

కుంపట్లో వంకీ ఎర్రబడింది.
వంపు చెడకుండా వంపుని పెంచాలి,
మధ్యాహ్నమంతా పట్టింది.
కూలి ఇచ్చి, మేం తినమని తెలిసి కూడా
వంజరం ముక్కలు పొట్లం కట్టి పెట్టి పోయింది.

రాత్రి అవి డిల్లిబాబుకి ఇచ్చాను.
వాసన చూసి, సంతోషపడి,
బరువు పెంచుదామా ఆచారీ, అన్నాడు.
పెంచు, అన్నాను.
అటొక పళ్ళెం, ఇటొక పళ్ళెం.
పుట్టి బుద్ధెరిగాక తక్కెడ ముందు కూర్చోవడమే గాని
తక్కెడ నడుమ నిలబడింది లేదు.
ఆరోదానికి చేతులు వణికాయి.
అడుగున చేపలున్నట్టు
దించాను.